మామ చుట్టుదారి

సైతానుకూ మా మామకూ జరిగిన మహాయుద్ధం చెబుతాను, స్థిమితంగా కూర్చోండి. యుద్ధమని మేమనుకున్నాం గానీ, నిజానికి అది ఒక మనిషి ఇంటికి కాస్త ఆలస్యంగా వచ్చిన కథ.

మొన్న అయిజకు పోతే, పాత కల్లు దుకాణం ఉన్న చోట టైల్స్ కొట్టు కనిపించి ఇదంతా గుర్తొచ్చింది. చిన్నప్పుడు అత్తామామల దగ్గర ఉండి అక్కడే చదువుకున్నాను. మామ బాప్తిస్మం తీసుకుని కల్లు మానేశాడు. అంతకుముందూ మానేవాడే, పండగ పండగకూ. ఈసారి తప్పితే గట్టు అనే ఊళ్లో ఉన్న పుట్టింటికి పోయి మళ్లీ రానని అత్త చెప్పేసింది. ఆమె ఊరికే బెదిరించే మనిషి కాదు. చేను నుంచి ఇంటికొచ్చే రోడ్డేమో సరిగ్గా ఆ దుకాణం ముందు నుంచే. అందుకని సాయంత్రం మామ గడప దగ్గర నిలబడి అత్త ముఖం మీద ఊదాలి, ఆ తర్వాతే ప్రార్థన. మా ఇంటి ఆరాధనా క్రమం అది.

ఒక వానరోజు పొద్దు గుంకినా మామ రాలేదు. అత్త చీరలు మూటగట్టింది. పక్కింటి పెద్దమ్మ వచ్చి, సైతాను గెలిచిండని తీర్పు చెప్పి, చాయ్ తాగుతూ కూర్చుంది.

చివరికి మామ వచ్చాడు, మోకాళ్ల దాకా బురద, చెప్పులు చేతిలో. అత్త చంకలో మూట దించకుండానే "ఊదు" అన్నది. ఊదాడు. పచ్చి పల్లికాయల వాసన తప్ప ఏమీ లేదు.

"మరి గింతసేపు యాడున్నవ్?"

"వాగొచ్చింది. నీళ్లు తగ్గేదాక ఒడ్డుకు కూసున్న."

"మన రోడ్డుకు వాగు యాడుందయ్యా?"

అప్పుడు బయటపడింది. బాప్తిస్మం అయినప్పటి నుంచి మామ ఆ రోడ్డు తొక్కనేలేదట. రోజూ వాగు దాటి, రేగడి చేల మీదుగా చుట్టు తిరిగి వస్తున్నాడట. వాగు పొంగిన రోజు కూడా వెనక్కి మళ్లి రోడ్డెక్కలేదు. అత్త మూట దించి, వేడినీళ్లు పెట్టింది. ఊదుడు మాత్రం మర్నాడూ ఉంది; నమ్మకం వేరు, పద్ధతి వేరు.

ఆదివారం పాస్టరయ్య, శోధనను, అదే కల్లు మీది ఆశను, ఎట్లా ఎదిరించావో సంఘానికి సాక్ష్యం చెప్పమన్నాడు. మామ లేచి నిలబడ్డాడు.

"ఎదిరియ్యలే అయ్యా. నాతోని కాదు. గందుకే ఆ దిక్కే పోలే."

చెప్పి కూర్చున్నాడు. హల్లెలూయ అనడానికి సిద్ధంగా ఉన్నవాళ్లకు ఎక్కడ అనాలో తెలియలేదు.

ఇప్పుడు నా శోధనలు జేబులోనే మోగుతుంటాయి, వాటికి చుట్టుదారి దొరకదు. తన బలం ఇంతేనని అంత నిమ్మళంగా ఒప్పుకున్న మనిషినీ మళ్లీ చూడలేదు. ఆ చేల దారి మాత్రం ఇంకా అట్లాగే ఉంది. వానాకాలం ఆటోలు రావు.