అమ్మ నీళ్లు మరిగించిన వానాకాలం

ఇంటికొచ్చిన చుట్టానికి మంచినీళ్లిస్తే, ఏ బావి నీళ్లో కూడా చెప్పాల్సిన రోజులవి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఉద్దానం అలా ఉండేది. కొబ్బరితోటల నీడలో కళ్లకు చల్లగా కనిపించే ఊళ్లే, కానీ ఏ ఇంట్లో చూసినా ఎవరో ఒకరు కిడ్నీ జబ్బుతో మంచాన పడేవారు. ఎందుకొస్తోందో ఎవరికీ తెలియదు. ఎవరెవరో సీసాలు పట్టుకొచ్చి పరీక్షలకని మా బావి నీళ్లు తీసుకెళ్లేవారు. మా అమ్మ ప్రతి ఒక్కరినీ ఆపి, "ఏటి తేలిందో మళ్లొచ్చి సెప్తారా బాబూ?" అని అడిగేది. తలూపి వెళ్లేవారు. ఒక్కరూ మళ్లీ రాలేదు.

అమ్మకు ఏ సంగతైనా సగమే తెలిస్తే అన్నం సహించదు. పక్కింట్లో పోపు వాసన ఆలస్యంగా వస్తే ఎందుకో కనుక్కునేదాకా కూర్చోలేని మనిషి. పెదనాన్న పోయాక ఈ పరిశోధన కూడా తనే నెత్తినేసుకుంది. ఆయనకు మొదట ముఖం పొంగింది, తర్వాత కాళ్లు. ఏడాది తిరగకుండానే పోయాడు. పెద్దమ్మ మాతోనే ఉండేది. అమ్మకు ఆమె అక్క వరస, 'అప్పా' అని పిలిచేది. అమ్మ మొదట ఇంటి బావి మానిపించి, తోటలో బావి నుంచి నాచేత నీళ్లు మోయించింది. తర్వాత బిందెలో పటిక తిప్పింది. మునగ గింజలు దంచి వేసింది. నేను విసుక్కుంటే, "తెలిసినోడు ఎవుడైనా ఉంటే సూపించు, మానేత్తాను" అనేది. చివరికి నీళ్లు మరిగించాల్సిందేనని తేల్చింది.

అది వానాకాలం. కట్టెలు, కొబ్బరిమట్టలు తడిసి ముద్దయ్యాయి. గ్యాసు అప్పటికి మా గుమ్మం తొక్కలేదు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే మావయ్య, జీడిపిక్కలు కొట్టగా మిగిలిన జీడితొక్కలు ఒక బస్తా తెచ్చిచ్చాడు. నూనె తొక్కలు కదా, ముసురులో కూడా భగ్గున మండేవి. అమ్మ సంబరం చెప్పనలవి కాదు. రోజూ పొద్దున్నే జల్లు కొట్టకుండా వంటింటి తలుపు వేసుకొని, పొయ్యి ముందు కూర్చొని గుండిగెడు నీళ్లు మరిగించేది.

కొన్నాళ్లకి ఒక ఉదయం అమ్మ ముఖం పొంగి ఉంది. కళ్లు సరిగ్గా తెరుచుకోవడం లేదు. పెద్దమ్మ చూసి, చేతిలో చెంబు కింద పెట్టేసి గోడకు చేరబడిపోయింది. అమ్మే మెల్లగా అంది, "నాకూ వచ్చేసినట్టుందప్పా." ఇన్ని జాగ్రత్తలు పడ్డ మనిషికి రావడమేమిటని నాకు కోపం వచ్చింది. ఎవరి మీద కోపమో తెలియదు.

ఆ రోజే అమ్మను టెక్కలి తీసుకెళ్లాను. పరీక్షకి రక్తమిచ్చి ఆసుపత్రి వరండాలో కూర్చున్నాం. అమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. పక్కన కూర్చున్నావిడది ఏ ఊరో కూడా కనుక్కోలేదు. నాకు అన్నిటికన్నా భయం అక్కడే వేసింది.

సాయంత్రానికి డాక్టరు పిలిచాడు. "కిడ్నీలు బాగున్నాయమ్మా. ఇది ఆ జబ్బు కాదు. నీ ఒంటికి ఏదో పడలేదు, అంతే."

నేను అక్కడే ఏడ్చేశాను. అమ్మకు మాత్రం పోయిన నోరు తిరిగొచ్చింది.

"ఏటి పడనేదు బాబూ?"

"ఏమోనమ్మా, ఇంట్లో మీరే చూసుకోవాలి."

"మరిగించిన నీళ్లు తాగితే ఆ జబ్బు రాదా?"

"అది చెప్పలేనమ్మా. ఎందుకొస్తోందో మాకే ఇంకా తెలియదు."

అమ్మ ఆయన వంక గౌరవంగా చూసింది. తెలియదని ముఖం మీద చెప్పినవాడు అప్పటికి ఆయనొక్కడే.

పలాసలో బస్సు మారాం. ఊరు దాటుతుండగా ఏదో జీడి ఫ్యాక్టరీ పొగ కిటికీలోంచి కొట్టింది. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, ఒక్కసారి తీసేసి, మళ్లీ వాసన చూసింది. "ఓలమ్మీ, ఇది మన పొయ్యి వాసన కాదేటే?" అంది.

జీడి రసం తగిలితే ఒళ్లు పొక్కుతుందని మా వైపు చంటిపిల్లలకీ తెలుసు. పిక్కలు ఏరేటప్పుడు చేతులకు బూడిద రాసుకోనిదే ముట్టుకోని మనిషి, ఆ తొక్కల పొగలో రోజూ ముఖం పెట్టుకొని కూర్చుంది. అమ్మకు నవ్వాగలేదు. నవ్వుతుంటే ఉన్న కాస్త కళ్లూ మూసుకుపోయాయి. బస్సులో వాళ్లంతా మావైపే చూశారు. జబ్బు రాకూడదని నీళ్లు కాచి, ఆ కాచడంతోనే జబ్బు వచ్చినట్టు అందర్నీ హడలగొట్టడం మా అమ్మకే చెల్లింది.

పెద్దమ్మ అరుగు మీదే కాచుకొని ఉంది.

"ఏటన్నారు?"

"కిడ్నీలు బాగున్నాయటప్పా. ఇదంతా జీడితొక్క పొగ. ఇంకేటి నేదు."

పెద్దమ్మ అమ్మ ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకొని తడిమి తడిమి చూసింది. తర్వాత నవ్వింది. పెదనాన్న పోయాక ఆమె నవ్వగా చూడడం నాకదే మొదలు. నవ్వుతూనే బస్తాను బరబరా ఈడ్చుకెళ్లి దొడ్డి అవతల పారేసింది. తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటూ అడిగింది.

"మరి పోయిన ఆ మనిషికి దేని వల్ల వచ్చిందో అడిగినావా?"

"అడిగినానప్పా. ఆళ్లకీ తెలీదట."

పెద్దమ్మ ఇంకో చెంబు నీళ్లు కాళ్ల మీద పోసుకుంది. "పోనీలే. నీకెందుకొచ్చిందో తెలిసింది కదా" అంది. అని, మాకు అన్నాలు వడ్డించడానికి లోపలికి వెళ్లింది.