వెనక్కి తిప్పని గడియారం

పత్రిక డెస్కు వదిలాక కొన్నేళ్లు నానక్‌రామ్‌గూడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేశాను. రక్తపరీక్షల ల్యాబుల నుంచి ఆసుపత్రులకు రిపోర్టులు చేర్చే సిస్టం మాది. దాన్ని ఎలా వాడాలో వివరిస్తూ రాయడం నా ఉద్యోగం.

ఒక సోమవారం ఉదయం మా కంప్యూటర్లన్నిట్లో టైం పది నిమిషాలు ముందుకు దూకింది. ఆఫీసు వ్యవహారాలు చూసే మేనేజరు చేసిన పని అది. ట్రాఫిక్ పేరు చెప్పి అందరూ ఆలస్యంగా వస్తున్నారని, హాజరు మెషిన్‌కు టైం అందించే కంప్యూటర్‌లో గడియారాన్ని ముందుకు జరిపాడు. మిగతా కంప్యూటర్లు కూడా దాన్నే చూసి నడుస్తాయని ఆయనకు తెలియదు.

"ఇంట్ల గట్లనే పెట్టుకుంటం గద మేడం. జర ముందు పెడితే టైంకొస్తరు" అన్నాడు మా టీమ్ లీడ్‌తో, ఏమీ దాచకుండా.

సిస్టం బాధ్యత చూసే ఆమె కాకినాడ అమ్మాయి. కోపం తెచ్చుకోలేదు. "ఇంట్లో అయితే మనుషులు మనసులోనే పది నిమిషాలు తగ్గించుకుంటారండి. మెషిన్లు నమ్మేస్తాయి."

మధ్యాహ్నం కొత్త ఆసుపత్రి వాళ్లు సిస్టం చూడటానికి రావాలి. ఈలోగా టైం వెనక్కి తిప్పేయమన్నారు డైరెక్టర్. టీమ్ లీడ్ ఒప్పుకోలేదు. తిప్పితే గడిచిపోయిన పది నిమిషాలు మళ్లీ వస్తాయి. అప్పుడు ఒక రోగికి రెండోసారి చేసిన షుగర్ పరీక్ష మొదటిదానికంటే పాతదిగా కనిపిస్తుంది. డాక్టరు పాత అంకె చూసి ఇన్సులిన్ ఇస్తే? మరింకేం చేద్దామన్నారు డైరెక్టర్.

ఆమె చేసిందల్లా ఆ కంప్యూటర్‌లో ఒక్కో సెకనును కాస్త సాగదీయడం. గడియారం ఆగదు, వెనక్కి పోదు. నెమ్మదిగా నడుస్తూ ఉంటే అసలు టైం వచ్చి దాన్ని కలుసుకుంటుంది. మిగతా కంప్యూటర్లూ దాని వెంటే సర్దుకుంటాయి. అంతవరకు రిపోర్టుల మీది టైం కాస్త ముందుంటుందని ల్యాబులన్నిటికీ ఫోన్లు చేయించింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన పెద్ద డాక్టరు తన చేతి గడియారం చూసుకుని, తెర చూసి, మీ టైం ముందుందేమిటి అని అడిగారు.  టీమ్ లీడ్ జరిగింది జరిగినట్టు చెప్పింది.

"సాయంత్రానికి సరిపోతుందండి. వెనక్కి మాత్రం తిప్పను."

ఆయన మేము చూపించాలనుకున్నవన్నీ పక్కన పెట్టించి, ఆ ఉదయం వచ్చిన రిపోర్టులే వరుసగా చూశారు. ఒక్కటీ తారుమారు కాలేదు. తమ ఆసుపత్రిలో సిస్టం పెట్టే పని ఈ అమ్మాయే చూసుకోవాలని షరతు పెట్టి లేచారు.

మేనేజరు లిఫ్టు దాకా వాళ్ల వెంట వెళ్లాడు. "మా మేడమే సార్" అని చెబుతుంటే విన్నాను. నేను కూడా అదే అనబోయాను.