శనివారం నాలుగు గోలీలు

2023 జూన్. సిడ్నీలో చలి ముదురుతున్న రోజులు. టూంగాబీ స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న మా మందుల షాపులో నేను ఫార్మసిస్టుగా చేరి అప్పటికి తొమ్మిదేళ్లు. షుగరు మాత్రల కోసం వచ్చే తెలుగువాళ్లు చాలామందే ఉన్నా, నాకు ప్రత్యేకంగా ఇష్టమైన మనిషి మల్లేశం అంకుల్. కరీంనగర్ నుంచి వచ్చి పద్నాలుగేళ్లుగా ఇక్కడ సిటీ బస్సు నడుపుతున్నారు. యాభై ఏడేళ్లు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. మా షాపు ముందు స్టాపులో బస్సు ఆగినప్పుడల్లా అద్దంలోంచి చెయ్యెత్తేవారు.

ఆ మధ్యాహ్నం ఆయన షిఫ్టు దిగి వచ్చి కౌంటర్ మీద ఒక స్క్రిప్ట్ పెట్టారు. డాక్టరు రాసిచ్చే చీటీని ఇక్కడ స్క్రిప్ట్ అంటాం. అందులో ఇన్సులిన్ ఉంది.

"గీ సూది సురువైతే నా బస్సు పోయినట్టే బిడ్డా," అన్నారు.

ఆయన భయం ఉత్తిది కాదు. ఇన్సులిన్ మొదలైతే షుగరు ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి, స్పెషలిస్టు చూసి సరేననేదాకా బస్సు డ్రైవర్లు స్టీరింగ్ ముట్టుకోకూడదు. ఆ తరవాత కూడా దొరుకుతుందో లేదో తెలియదు. డాక్టరుగారి తప్పూ కాదు. రోజుకు రెండు వేల మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్ మాత్రలు రాసి ఏడు నెలలైంది. అయినా హెచ్‌బీఏ1సీ, అంటే గత మూడు నెలల షుగరు సగటు చెప్పే రక్తపరీక్ష, ఏడు దగ్గర ఉండాల్సింది తొమ్మిది పాయింట్ ఎనిమిది చూపిస్తోంది. పైగా మనిషి చిక్కిపోతున్నారు. మాత్ర పనిచేయడం లేదంటే తరవాతి మెట్టు ఎక్కక తప్పదు కదా.

కానీ మాత్ర పనిచేయడం లేదా, లేక కడుపులోకి పోవడమే లేదా? కంప్యూటర్లో ఆయన రికార్డు తీశాను. ఒక్కో పెట్టెలో వెయ్యి మిల్లీగ్రాముల మాత్రలు తొంభై. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటే నెలన్నరకు అయిపోవాలి. ఆయన మూడు నెలలు దాటాక రెండో పెట్టెకు వచ్చారు. ఇచ్చింది నేనే. "అంతా బాగుందా అంకుల్?" అని అడిగి, "మంచిగుంది బిడ్డా" అనగానే సంచిలో పెట్టి పంపించేశాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటూ ఉంటారు. అది ఆ రోజు అంకుల్ మీదికి మళ్లింది.

"అసలు మాత్రలు వేసుకుంటున్నారా, లేదా?"

"ఏసుకుంటున్న. నేనెందుకు అబద్ధమాడుత?" అని మొహం గంటు పెట్టుకున్నారు.

ఇలా అడిగితే లాభం లేదనిపించింది. టీకాలు వేసే చిన్న గదిలోకి తీసుకెళ్లి, తలుపు వేసి, టీ ఇచ్చాను. "మాత్రల సంగతి వదిలేయండి. సోమవారం పొద్దున లేచిన దగ్గర్నుంచి మీ వారం ఎలా గడుస్తుందో చెప్పండి," అన్నాను.

కప్పు పక్కన పెట్టారు. "నీకు చెప్తుంటేనే సిగ్గైతుంది. ఇగ ఆ డాక్టరమ్మకు ఎట్ల జెప్పుత?"

విషయం ఇదీ. మాత్ర మొదలైన మొదటి వారాల్లోనే, పిల్లలతో కిక్కిరిసిన స్కూలు ట్రిప్పులో ఆయన కడుపు తిరగబడింది. బస్సు పక్కకు ఆపి, పెట్రోలు బంకులోని టాయిలెట్‌కి పరుగెత్తారు. తిరిగొచ్చేసరికి పిల్లలంతా కిటికీల్లోంచి చూస్తున్నారు. ఒకడు గట్టిగా నవ్వాడట.

"ఆ దినంకెల్లి డ్యూటీ ఉంటే గోలీ ముట్టలే. అట్లని మొత్తం బంద్ చేయలే బిడ్డా! శనివారం సెలవు కదా, ఇంట్లనే ఉంట. అప్పుడు నాలుగు ఏసుకుంట. ఆదివారం రెండు."

"నాలుగా? ఒకేసారి?"

"వారంది కొంతన్న పూడాలె గదా."

"తిన్నాకేనా?"

"శనివారం ఒక్కపొద్దాయె! పొద్దుగాల ఒట్టి చాయ్ తోటి ఏసుకుంట. రాత్రి దీపం పెట్టినంకనే తిండి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మెట్‌ఫార్మిన్ పాతకాలపు మంచి మందు. దానికున్న పెంకితనమంతా కడుపుతోనే. కొద్దిగా మొదలుపెట్టి, మెల్లగా పెంచుతూ, అన్నంతోపాటు వేసుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. ఈయనేమో వారమంతా మానేసి, ఖాళీ కడుపు మీద ఒక రోజు మోతాదుకు రెట్టింపు పడేస్తున్నారు. కడుపు ఊరుకుంటుందా? శనివారమంతా బాత్రూమే. దాంతో ఈ గోలీ విషమని ఆయనకు మరింత నమ్మకం.

"అంకుల్, మీ కరివేపాకు మొక్కకు వారమంతా నీళ్లు మానేసి, శనివారం పది బకెట్లు కుమ్మరిస్తారా?"

"సస్తది," అన్నారు వెంటనే. తరవాత తల దించుకున్నారు.

ఆయన్ని అక్కడే కూర్చోబెట్టి డాక్టరుగారికి ఫోన్ చేశాను. అంతా విన్న ఆవిడ, "ఒక్క పూట కూడా మానలేదని చెప్పారే!" అన్నారు. మర్నాడే ఆయన్ని పిలిపించి, కిడ్నీల పరీక్ష చేయించి, అది బాగుందని చూశాక కొత్త స్క్రిప్ట్ రాశారు. అదే మెట్‌ఫార్మిన్, కానీ ఎక్స్‌ఆర్. అంటే కడుపులో ఒక్కసారిగా కాకుండా నెమ్మదిగా కరిగే రకం. అయిదు వందల మిల్లీగ్రాములది రాత్రి భోజనంతో ఒక్కటి. కడుపు ఒప్పుకుంటే రెండు వారాలకోసారి ఒక్కొక్కటి పెంచాలి, నాలుగు దాటకూడదు. రోజూ పొద్దున ఇంట్లో షుగరు చూసుకుని రాయాలి. ఎనిమిది వారాల్లో అంకెలు దిగకపోతే ఇన్సులిన్, ఇక వాదనలు లేవు.

రాత్రి భోజనంతో అనేసరికి ఒక్కపొద్దు చిక్కు కూడా దానంతటదే విడిపోయింది. శనివారం ఆయన తినేదే రాత్రి. మందు ఇవ్వకుండా పక్కన పెట్టిన ఇన్సులిన్ స్క్రిప్ట్ మా ఫైలులోనే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒకటే అనుమానం. ఈ మనిషి మళ్లీ దాస్తే? అందుకని ప్రతి శుక్రవారం నేనే ఫోన్ చేసేదాన్ని.

మొదటి శుక్రవారం: "కడుపు మంచిగనే ఉంది." మూడోసారి: "రెండు ఏసుకుంటున్న. జర గడబిడ, రెండు దినాలల్ల తగ్గింది." అయిదోసారి ఆయనే నాకంటే ముందు చేశారు. "బిడ్డా, ఇయ్యాల పొద్దుగాల ఏడు పాయింట్ నాలుగు!" జూన్‌లో పదకొండు కంటే కిందికి దిగని మనిషి! ఇక్కడి మీటర్ల లెక్క వేరు, ఇండియా లెక్కలో నూట ముప్ఫై చిల్లర. నేను కౌంటర్ వెనకాల చిన్న పిల్లలా గెంతాను. క్యూలో ఉన్న పెద్దావిడ ఏం లాటరీ తగిలిందని అడిగింది.

ఎనిమిది వారాల గడువు అలా గట్టెక్కింది. డిసెంబరులో మళ్లీ ఆ మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష చేశారు. తొమ్మిది పాయింట్ ఎనిమిది, ఏడు పాయింట్ ఒకటికి దిగింది. మూడు మాత్రల దగ్గరే సరిపోయింది, నాలుగోది అవసరమే పడలేదు. చిక్కిన ఒళ్లు కూడా కోలుకుంది. డాక్టరుగారు ఫోన్ చేసి ఇన్సులిన్ రద్దు చేయమన్నారు. ఆ కాగితాన్ని అంకుల్ ముందే నాలుగు ముక్కలు చేశాను. అంత తృప్తిగా నేనెప్పుడూ కాగితం చింపలేదు.

అప్పటినుంచీ నేను ఎవరినీ "మందులు వేసుకుంటున్నారా?" అని అడగను. దానికి అవునని చెప్పడం మన మర్యాద. "వేసుకున్నాక ఎలా ఉంటోంది? ఏ రోజు కష్టంగా ఉంటోంది?" అని అడుగుతాను. సరైన మోతాదు అంటే పెట్టె మీది అంకె ఒక్కటే కాదని, ఆ మనిషి షిఫ్టు, తిండి, సిగ్గు కూడా అందులో భాగమేనని నాకు నేర్పింది ఈ బస్సు డ్రైవరే. ఇది చదివి మీ మోతాదు మీరే మార్చుకోకండి, అడగాల్సినవాళ్లను అడగండి. సిగ్గుపడకుండా అడగండి.

ఆ కాగితం చింపిన వారంలోనే ఒక సాయంత్రం పనిగట్టుకుని ఆయన బస్సెక్కాను. బడి సెలవులకు ముందు చివరి రోజు, బస్సు నిండా పిల్లలు, చెవులు చిల్లులు పడే గోల. చివరి స్టాపులో అందరూ దిగిపోయాక అంకుల్ ఇంజిన్ ఆపి నావైపు తిరిగారు.

"చూసినవా బిడ్డా? స్టాపుల తప్ప యాడా ఆపలే!"