బోరుకు చెప్పిన లెక్క

మొన్న మొయినాబాద్ దగ్గర మా బస్సుకు అడ్డంగా ఒక బోరు లారీ తిరిగి, తాపీగా చేను దారిలోకి దిగింది. ఆలస్యమైందని బస్సులో అందరూ విసుక్కుంటుంటే నేను మాత్రం తల వంచుకుని కూర్చున్నాను. ఆ లారీలు కనిపిస్తే ఇప్పటికీ నాకు ముఖం చెల్లదు.

చేవెళ్లలో లెక్కల మాస్టారుగా ఉన్నప్పటి మాట. ఏడో తరగతికి సంభావ్యత పాఠం. నాణెం ఎగరేస్తే బొమ్మ పడే అవకాశం సగం అని బోర్డు మీద రాసి, నిజంగా ఎంత పడుతుందో చూడమని పిల్లలకు తలో రూపాయి బిళ్ల ఇచ్చాను. బెంచీల కింద దూరి బిళ్లలు వెతుక్కునేవాళ్లు, బొమ్మ రాలేదని అలిగేవాళ్లు, అదో జాతర. ఒక్కొక్కరి లెక్క ఒక్కో తీరున ఉన్నా, అందరివీ కలిపితే సగానికి దగ్గరగా వచ్చింది. ఆ బిళ్లలకు నేనే నేర్పినట్టు మురిసిపోయాను. అప్పుడు ముందు బెంచీలోంచి ఒక టమాట రైతు కూతురు లేచింది.

"సార్, బోరు గూడ గిట్లనేనా? నీళ్లు పడుతయ్, లేకుంటే పడయ్. రెండే గద?"

అంతలో గంట కొట్టారు. నాకేమో మెహదీపట్నం బస్సు తొందర. "అంతేనమ్మా, సగం సగం" అనేసి వచ్చేశాను. మీ చుట్టుపక్కల చేన్లలో ఎన్ని బోర్లు వేశారు, ఎన్నింట్లో నీళ్లు పడ్డాయి అని అడగాల్సింది. అసలు పాఠమే అది.

వారం తిరక్కుండా ఆ పిల్ల తండ్రి బడికి వచ్చాడు. "మీరు ధైర్యం జెప్పిన్రట సార్. బోరేస్తున్న, మీ చేత్తోనే కొబ్బరికాయ కొట్టాలె" అన్నాడు. అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. పిలిచి మర్యాద చేస్తున్నాడని ఉబ్బిపోయి, వెళ్లి కొట్టాను. సాయంత్రం దాకా తెల్లటి రాతిపొడి లేచిందే తప్ప చుక్క తడి రాలేదు. ఆ పిల్ల జడలు ముసలమ్మ జుట్టులా తెల్లబడ్డాయి.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్" అన్నాడాయన, నన్నే ఓదారుస్తూ. "ఒక సగం పోయింది. ఇంకో బోరేస్తే రెండో సగం మనదే గద!"

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. అది చెప్పాలంటే, ముందు చెప్పింది తప్పని ఆయన కూతురి ఎదుట ఒప్పుకోవాలి. తెరిచిన నోరు మూసుకున్నాను.

రెండో బోరులోనూ పొడే వచ్చింది. అప్పులకు ఆ చేను అమ్ముడుపోయింది. పట్నం వాళ్లెవరో కొని ఫామ్‌హౌస్ కట్టుకున్నారు. దాని గేటు దగ్గర ఆయనే కావలి ఉంటున్నాడు. ఆ దారిన వెళ్తే ఇప్పటికీ లేచి నిలబడి, "మా బిడ్డకు లెక్కలు జెప్పిన సార్" అని పక్కవాళ్లకు చూపించి దండం పెడతాడు. ఏళ్లు గడిస్తే తప్పు పాతబడుతుందనుకున్నాను. ఆ దండం మాత్రం ఏటేటా బరువెక్కుతోంది.