పెళ్ళిచూపుల్లో ఎరువు డ్రమ్ము

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు లోకాన్ని బాగుచేసే జబ్బు ఒకటి పట్టుకుంటుంది. నాకు ఆ రోజుల్లో అది బాగా ముదిరింది. నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరుగా చేరిన ఏడాది, వంటింటి తొక్కలన్నీ కుళ్ళబెట్టి మొక్కలకు ఎరువు చేస్తానని మిద్దె మీద ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టాను. వాసనొస్తే పక్కింటి పిన్ని గొడవపడుతుందని మూత బిగించేశాను. (తొక్కల్ని మట్టిగా మార్చే సూక్ష్మజీవులకు గాలి కావాలని పిల్లలకు మాత్రం బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పాను.)

డ్రమ్ము ఘాటెక్కిన వారంలోనే మాచర్ల నుంచి పెళ్ళిచూపులకు వచ్చారు. అబ్బాయి ఫోటో నాకు చాలా నచ్చింది, అందుకే భయం. "ఏమే, ఈ సంబంధం గూడా తప్పిపోయిందంటే నిన్నా డ్రమ్ములోనే కూర్చోబెడతా" అని అమ్మ పొద్దున్నే హెచ్చరించి, ఇల్లంతా సాంబ్రాణి వేసింది. కాఫీలయ్యాక మా పెదనాన్న, "విడిగా మాట్లాడుకుంటారు గదా, మిద్దె మీదికి పొండమ్మా" అన్నాడు. అమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు.

పైకి వెళ్ళగానే అబ్బాయి జేబురుమాలు తీశాడు. "ఏందండీ, ఏమన్నా చచ్చిందా ఇక్కడ?"

అనుకున్న మాటలన్నీ మర్చిపోయి పాఠం ఎత్తుకున్నాను. తొక్కలు చివికి నల్లటి మట్టవుతాయనీ, వాటిలోని నత్రజని, పొటాష్ వేళ్ళకు అందుతాయనీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

"మరి కంపెందుకు?"

మూత తీశాను. ఇద్దరం వెనక్కి తగ్గాం. "గాలాడక" అన్నాను చిన్నగా. అతను చొక్కా చేతులు మడిచి, మూలనున్న కర్రతో కలపడం మొదలుపెట్టాడు. నేను పక్కింటి వేపచెట్టు రాల్చిన ఎండుటాకులు ఊడ్చి అందులో పోశాను.

కిందికి దిగేసరికి నా పట్టుచీర అంచు నల్లబడింది. వాళ్ళమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఇంతసేపూ ఏం మాట్లాడిందిరా?" అంది.

"చెత్త గురించమ్మా. చానా బాగా చెప్పింది."

పెదనాన్న నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ మాత్రం, ముహూర్తం పెట్టించమని సాయంత్రం వాళ్ళు ఫోన్ చేసేదాకా నాతో మాట్లాడలేదు. గాలి, ఎండుటాకులు తగిలాక డ్రమ్ము కంపు కూడా తగ్గింది. పెళ్ళి నాటికి అదంతా పొడిపొడిగా నల్లటి ఎరువై మా బంతిమొక్కలకు పడింది.

ఎందుకు ఒప్పుకున్నారని తర్వాతెప్పుడో ఆయన్ని అడిగాను. "చూసిన పిల్లలందరూ జీతమెంతని అడిగినోళ్ళే. నువ్వొక్కదానివే అడగలా" అన్నారు గర్వంగా. అడగాలనే పైకి వెళ్ళాను, ఆ కంపులో గుర్తు రాలేదు. ఆయన ఇప్పటికీ చుట్టాలందరికీ ఈ మాట చెబుతుంటే తల వంచుకుని వింటాను. ఆయన వీధి చివరిదాకా వెళ్ళొచ్చినా వంద ప్రశ్నలేసే మనిషినయ్యానిప్పుడు. ఒక్కటీ అడగకుండా సంసారంలోకి దిగిన ఆ పిల్లను తలుచుకుంటే ముచ్చటేస్తుంది.