సలోమికి నేనిచ్చిన 'సర్వ్'

మా చిన్నప్పుడు... సోమవారం అంటే సగం క్లాసుకు కడుపునొప్పి. శంషాబాద్‌లోని మా ఇంగ్లిష్ మీడియం బడిలో ఆ రోజు ప్రార్థన అయ్యాక ఒకరు మైకు ముందు నిలబడి ఒక ఇంగ్లిష్ క్రియ గురించి చెప్పాలి. దాని అర్థం, ఇంట్లోవాళ్ల మీద ఒక వాక్యం, ఆ మాట ఎక్కడ పుట్టిందో... మూడూ. వినడానికి ఆ పిల్లల అమ్మనో నాన్ననో కూడా పిలిచేవాళ్లు.

ఎవరికి ఏ మాటో చీటీ రాసిచ్చేది క్లాస్ లీడర్. ఆరో తరగతిలో ఆ లీడర్ని నేనే.

నా పక్కన సలోమి కూర్చునేది. "మా అమ్మకు ఎయిర్‌పోర్టుల డ్యూటీ" అని ఊరుకునేది. మిగతాది మేమే అల్లుకున్నాం... ఎయిర్ హోస్టెస్ అని, చక్రాల పెట్టె లాక్కుంటూ నడుస్తుందని. మామిడిపల్లి నుంచి సత్తు డబ్బాలో జొన్నరొట్టె తెచ్చుకునే నన్ను ఎవరు చూస్తారు? అందరూ సలోమి చుట్టూనే.

ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే మా బాబాయి ఒకరోజు అన్నాడు... "సలోమి వాళ్లమ్మనా? మా క్యాంటీన్ల చాయ్ పోస్తది. మంచామె."

ఆ చివరి మాట నాకు వినపడలేదు.

ఆ సాయంత్రమే లైబ్రరీలో డిక్షనరీ తిరగేశాను. 'సర్వ్'... వడ్డించడం, సేవ చేయడం. పుట్టింది లాటిన్‌లో 'బానిస' అనే మాట నుంచి. నాకు ప్రాణం లేచొచ్చింది.

చీటీ చూడగానే సలోమి మొహం పాలిపోయింది.

"వేరేది ఇయ్యవే..."

"ఎందుకు? మీ అమ్మ గురించి చెప్పు."

"నీకెట్ల తెల్సు? ఎవ్వరికి చెప్పకే, నీ కాళ్లు మొక్కుత."

"నేనెందుకు చెప్త? నువ్వే చెప్తవ్."

సోమవారం వాళ్లమ్మ డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చింది. వరుస చివర, నా పక్కనే నిలబడింది.

"మై మదర్ సర్వ్స్ టీ," అంది సలోమి. వెనక కిసుక్కుమన్నారు. ఆ మాట బానిస నుంచి వచ్చిందని ఇంగ్లిష్‌లోనే చెప్పింది... నవ్వులు పెరిగాయి.

వాళ్లమ్మ నా భుజం తట్టింది. "ఏమంటున్నది బిడ్డా మా పిల్ల? గంత నవ్వుతున్నరు... జోక్ చెప్పిందా?"

'అవును ఆంటీ, జోకే' అని అబద్ధం చెప్పడం ఎంత తేలికో! నేను చెప్పలేదు.

"మీరు చాయ్ పోస్తరని చెప్పింది ఆంటీ. గది బానిసల పనంట."

ఆమె నవ్వు వెంటనే పోలేదు... ఏం చేయాలో తెలియనట్టు పెదవుల మీదే ఉండిపోయింది. అందరూ చప్పట్లు కొడితే ఆమె కూడా కొట్టింది. మైకు దగ్గర నుంచి సలోమి చూస్తూనే ఉంది... వాళ్లమ్మ చెవి దగ్గర నా నోరు.

పదో తరగతి దాకా నాతో మాట్లాడలేదు. ఒక్కసారి తిట్టినా బాగుండేది...

ఇప్పుడు ఏ మాట ఎక్కడ పుట్టిందో ఫోన్ క్షణంలో చెప్పేస్తుంది. సలోమి ఎక్కడుందో మాత్రం ఎంత వెతికినా చెప్పడం లేదు.

బడిలో మిమ్మల్ని ఏడిపించినవాళ్ల గురించి ఎప్పుడూ రాస్తూనే ఉంటారు కదా... ఈసారి కింద కామెంట్లలో, మీరు ఏడిపించినవాళ్ల గురించి రాయండి. ఎంతమందికి చెయ్యి వస్తుందో చూద్దాం.