దూలంలో తుమ్మెదలు

తుమ్మెద అనగానే అందరికీ పూలు గుర్తొస్తాయి. నాకు కట్టెపొట్టు గుర్తొస్తుంది, ఒళ్లు మండుతుంది.

అరవైల చివర్లో బోధన్‌లో మాది కర్ర ఎక్కువ, మట్టి తక్కువ ఉన్న పెంకుటిల్లు. టేకు కొనే తాహతు లేక బాపు మామిడి దూలం వేయించాడు. దాన్ని నల్ల తుమ్మెదలు పట్టాయి. వేలు దూరేంత గుండ్రటి బొక్కలు తొలిచి, ఎండాకాలమంతా జుమ్మని లోపలికీ బయటికీ తిరిగేవి.

బాపు చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలేవాడు. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది, మాట పోయింది. ఎడమ చెయ్యి మాత్రం ఆడేది. ఆయన మంచం ఆ దూలం కిందే. ఉన్నది ఒక్క అర్ర. ఒక మూల పొయ్యి ఉండేది, ఇంకో మూల వాన కారేది; మంచం జరిపే చోటు లేదు. మంచం పక్కనే అవ్వ, అంటే మా అమ్మ, చాట పెట్టుకొని బీడీలు చుట్టేది. పిలవలేని మనిషి కదా, ఆయన గొంతులో చిన్న అలికిడైనా వినపడే దూరంలో కూర్చోవాలి. ఆ బీడీలతోనే మా పొయ్యి వెలిగేది.

తుమ్మెదలు తొలిచిన పొట్టు నేరుగా చాటలోని తంబాకులో రాలేది. ఎంత ఏరినా కొంత మిగిలేది. ఒకనాడు మాకు ఆకు, తంబాకు తూచి ఇచ్చే బీడీ కార్ఖానాలో ముంషీ మా బీడీ ఒకటి విప్పి చూశాడు.

"తంబాకుల కట్టెపొట్టు కలుపుతున్నవా? మళ్ల గిట్ల తెస్తే నీకు ఆకు బంద్," అన్నాడు అందరి ముందర.

పొట్టు కలిపి తంబాకు మిగుల్చుకుంటోందని దొంగతనం అంటగట్టినట్టే. ఇల్లు చేరగానే అవ్వ బీడీలు చుట్టగా మిగిలిన తునికాకు చెత్త పోగేసింది.

పొమ్మనలేక పొగ పెట్టడమంటారు. మా అవ్వ నోరారా పొమ్మని తిడుతూనే పొగ పెట్టింది. ఆ చెత్త కాలిస్తే తుమ్మెదలకేమీ కాలేదు, బాపుకు దగ్గు తెర వచ్చింది. మరునాడు గుడ్డపేలికలు గ్యాసునూనెలో ముంచి, నిచ్చెనెక్కి బొక్కల్లో కుక్కింది. పైన మట్టి మెత్తింది. నేను కింద నుంచి సంబరంగా మట్టిముద్దలు అందించాను.

బాపు ఎడమ చెయ్యి ఎత్తి దూలం వైపు ఊపాడు.

"మీ బాపు ఇంకో బొక్క సూపిస్తుండు, యాడున్నదో సూడే," అంది అవ్వ.

నిజంగానే ఒకటి మిగిలింది. దాన్నీ మూసింది. అయినా ఆయన చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. కిరసనాయిలు ఘాటుకనుకున్నాం.

"అయిపాయె, ఇగ రావు. నిమ్మలంగ పండు," అని అవ్వ కొంగుతో ఆయన కళ్లు తుడిచింది.

దూలం లోపలి చప్పుడు సాయంత్రానికి ఆగిపోయింది. బాపు ఆ తర్వాత పైకి చూడలేదు, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. అప్పుడు గాని మాకు అర్థం కాలేదు. పొద్దంతా వెల్లకిలా పడుకున్న మనిషికి కళ్ల ముందు కదిలేవి అవే. మేం తలలు వంచుకొని బీడీలు చుడుతుంటే ఆయన వాటి రాకపోకలు చూస్తూ పొద్దు గడిపాడు. అవ్వ మళ్లీ నిచ్చెనెక్కి మట్టి పెళ్లగించింది. ఏదీ బయటికి రాలేదు.

చెరుకు బండ్లు మళ్లీ ఫ్యాక్టరీ దారి పట్టకముందే బాపు పోయాడు.

మరుసటి ఎండాకాలం ఒక తుమ్మెద వచ్చి దూలాన్ని కొత్తగా తొలవడం మొదలుపెట్టింది. నేను గుడ్డపేలిక కోసం వెతుకుతుంటే అవ్వ వద్దంది.

"ఉండనియ్యే. నేనే అవుతల కూసుంట."

చాట తీసుకొని అరుగు మీదికి పోయింది. ఇక ఆ దూలం కింద కూర్చోవాల్సిన పని ఆమెకు లేదు.